దామన్ మీద దాగ్

ఉర్దూలో దాగ్ ఒక్కటే. బట్టకంటినా దాగే, పరువుకంటినా దాగే. తెలుగు కాస్త రహమ్‌దిల్ జబాన్. చాలామటుకు బట్టకైతే మరక, మనిషికైతే మచ్చ అని వేరుగా పెట్టుకుంది. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ 'దామన్ పర్ దాగ్' అనే ముహావరా చెప్పేటప్పుడు, దామన్ అంటే బట్ట అంచేరా, కానీ ఇక్కడ దాని మానీ ఇజ్జత్ అన్నారు. దాగ్ అనే తఖల్లుస్ పెట్టుకున్న దేహ్లవీ సాబ్ అదే పేరుతో హైదరాబాద్ వచ్చి ఆరో నిజాంకి ఉస్తాద్ అయ్యారు. 1905లో ఇక్కడే ఇంతెఖాల్ అయి నాంపల్లి యూసుఫైన్ దర్గాలో నిద్రపోతున్నారు. మగవాడికి దాగ్ తఖల్లుస్ అవుతుంది. అదే మన ఇళ్లలో ఆడపిల్ల బుర్ఖా దామన్ మీద పడిందా, పూఛ్‌తాఛ్ మొదలు.

మా ఆపా కూతురు డిగ్రీ చదువుతోంది. బుర్ఖాకి మరకైతే మాసిన బట్టల అడుగున దాచింది. ఆపా చేతికి దొరికింది. "ఎక్కడ తిరిగొచ్చావే, ఇంత గలీజుగా?" పిల్ల నోరెత్తలేదు.

నేను దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాను. నల్ల బట్ట మీద నల్ల మరక కనబడదనుకుంటాం గానీ, ఎండలో అది మెరుస్తుంది, పైన దుమ్ము పట్టి బూడిదరంగు తేలుతుంది. అంచు నుంచి జానెడు ఎత్తులోపే ఉంది. వేలితో రాస్తే ఇనుప రజను గరగరలాడింది. అంచు కుట్టు రెండంగుళాలు ఊడిపోయి ఉంది. అది చూశాక నాకు మరక గురించి కాదు, ఆ కుట్టు గురించి దిల్ గాబరా అయింది.

పిల్ల రోజూ అన్న బండి మీద కాలేజీకి వెళ్తుంది. ఒక పక్కకి తిరిగి, కాళ్లు ఎడమ వైపు పెట్టి కూర్చుంటుంది. మన బైకుల్లో ఎక్కువ వాటికి చైను ఉండేదీ ఆ వైపే. వాడి బండికి చైను కవర్ సగమే. ఇంక వెనక చక్రం పక్కన ఉండాల్సిన జాలీ, మన వాళ్లు చీర గార్డు అనేది, లుక్ కోసం తీసి ఇంట్లో పడేశాడు. అది షోకు సామాను కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 123వది వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కకుండా, కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలంటుంది. చీరకీ చున్నీకీ బుర్ఖాకీ అదే ఖానూన్. గుడ్డ చక్రంలో పడితే మనిషిని కూడా లాగేస్తుంది.

"ఆపా, పిల్లనెందుకంటావు? ఈ దాగ్ బండిది" అన్నాను. భాంజాని పిలిచి బుర్ఖా చేతిలో పెట్టాను. "నువ్వే ఉతుకు."

వాడు తిన్నగా నల్లా కిందికి పట్టుకెళ్లబోయాడు. ఆగరా బాబూ, నీళ్లు తర్వాత అన్నాను. ముందు చెంచా వెనక వైపుతో పైనున్న గ్రీజు గీకించాను. అడుగున పాత గుడ్డ పెట్టి పైనుంచి అద్దమన్నాను. రుద్దితే మరక వెడల్పవుతుంది. ఎండిన గ్రీజు కదలాలంటే నాలుగు చుక్కల కొబ్బరినూనె చాలు. లోహాని లోహమే కోస్తుందని అమ్మీ అంటుండేది. పది నిమిషాలాగి గిన్నెలు తోమే లిక్విడ్ పోసి, మెత్తటి బ్రష్‌తో బయటి నుంచి మధ్యకి తోయించాను. ఆ తర్వాతే గోరువెచ్చటి నీళ్లు. బుర్ఖాలు ఎక్కువగా పాలిస్టరే, పాలిస్టర్‌కి నూనె అంటే మహా మొహబ్బత్. ఒక్క ఉతుకులో వదలదు.

కిరోసిన్ పోద్దామా మామూ అన్నాడు. గ్రీజు కరుగుతుంది, నిజమే. కానీ వాసన ఒక పట్టాన పోదు, పొయ్యి దగ్గర ఖతర్నాక్, చేతుల దగ్గర అతికించిన రాళ్ల పని కూడా ఊడి రావచ్చు. బ్లీచింగ్ మాట ఎత్తొద్దు. గ్రీజు ఉండిపోయి నల్లరంగు పోతుంది. నీడలో ఆరేసి, మరక పూర్తిగా పోయిందని చూసుకునేదాకా ఇస్త్రీ పెట్టె తగలనివ్వకూడదు. వేడి తగిలిందా, మిగిలిన నూనె బట్టలో పక్కా అయిపోతుంది.

ఈలోపు ఆపా దగ్గర ఇంకో సవాల్. "దీంతో నమాజ్ చదవొచ్చా?" గ్రీజు నజాసత్ కాదు ఆపా, బట్ట పాకే. మెకానిక్ భాయీలు వుజూ ముందు చేతులు రుద్ది రుద్ది కడిగేది వేరే సంగతి, జిడ్డు పొర కింద చర్మానికి నీళ్లు తగలవని.

రెండో ఉతుకు మధ్యలో వాడు తడి చేతులతోనే మెకానిక్‌కి ఫోన్ చేశాడు, జాలీ బిగించడానికీ ఫుల్ చైన్ కవర్‌కీ కలిపి ఎంతవుతుందని. మూడో ఉతుక్కి మరక చాలావరకు వదిలింది. ఊడిన కుట్టు ఆపా వేసింది, అంచు రెండంగుళాలు పైకి మడిచి.