ఇసుక దీవిలో మూడు రాత్రులు

ఇసుక మీద ఏదీ నిలవదని చిన్ననాటి నుండి వింటూ వచ్చాము. ఆస్ట్రేలియా తూర్పు తీరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉన్న ఒక దీవిని చూసిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. సుమారు 120 కి.మీ. పొడవున్న ఈ భూభాగం ప్రపంచంలోని ఇసుక దీవులన్నింటిలోకీ పెద్దది. ఆ ఇసుకలోనే వేళ్ళూనుకొని మహావృక్షాలు పెరిగాయి. ఆ ఇసుక గుంటలలోనే వాన నీరు నిలిచి సరస్సులయ్యాయి. ఇక్కడి ఆదివాసులైన బుచుల్లా ప్రజలు దీనిని తమ భాషలో ‘గర్రీ’ అంటారు. స్వర్గమని దాని అర్థం. చాలా కాలం ఫ్రేజర్ ఐలాండ్‌గా పిలువబడిన ఈ దీవికి 2023లో అధికారికంగా ఆ పాత పేరే తిరిగి వచ్చింది.

బ్రిస్బేన్‌లో స్థిరపడిన మూడు తెలుగు కుటుంబాల వాళ్ళం రెండు ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలో బయలుదేరాము. సాధారణ కార్లు ఆ ఇసుకలో నడవవు. వాహనానికీ, గుడారానికీ ముందే అనుమతులు తీసుకొన్నాము. దీవిలో చాలా చోట్ల మంట వేయడం నిషేధం కనుక గ్యాస్ పొయ్యి పెట్టుకొన్నాము. హలాల్ మాంసం ఇంటి వద్దనే వండి, గడ్డకట్టించి, ఐస్ పెట్టెలో సర్దుకొన్నాము. ఇన్‌స్కిప్ వద్ద బార్జి ఎక్కితే కొద్ది నిమిషాలలోనే దీవి దక్షిణ కొనకు చేరవచ్చు.

ఇసుక మీదికి దిగే ముందు మాలో పెద్దవారైన భాయ్‌జాన్ టైర్లలోని గాలి దాదాపు సగానికి తగ్గించారు. “గాలి తగ్గితే టైరు వెడల్పవుతుంది, బరువు పరచుకొంటుంది. బిగువుగా ఉన్న టైరే ముందు దిగబడుతుంది” అని పిల్లలకు వివరించారు.

తూర్పు తీరమంతా ఒక రహదారే. దాని మీద వేగ పరిమితి ఉంది, అప్పుడప్పుడు చిన్న విమానాలు కూడా అక్కడే దిగుతాయి. దారిలో ఈలై వాగు స్వచ్ఛమైన నీటిని సముద్రంలోకి వదులుతోంది. పిల్లలు ఆ ప్రవాహంలో తేలుతూ ఆడుకొన్నారు. మరికొంత ఉత్తరాన ‘మహీనో’ అనే ఓడ శిథిలం తుప్పుపట్టి నిలిచి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను మోసిన ఆ ఓడను 1935లో తుక్కు కోసం జపానుకు లాక్కొని పోతుండగా తుఫాను ఈ ఒడ్డున పడవేసింది.

మరునాడు అడవి దారిలో మెకెంజీ సరస్సుకు వెళ్ళాము. తెల్లని ఇసుక మీద నీలి నీరు. దానిలోకి ఏ వాగూ రాదు, వానే ఆధారం. అందుచేత ఒంటికి రాసుకొన్న క్రీములతో, సబ్బుతో అందులో దిగరాదు. ఒకప్పుడు ఈ అడవుల కలపను విస్తారంగా నరికారు. 1991లో నరికివేత ఆగింది, మరుసటి సంవత్సరం దీవికి ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

బుచుల్లా ప్రజలకు తరతరాలుగా మూడు కట్టుబాట్లు ఉన్నాయి. నేలకు ఏది మేలో దానికే మొదటి స్థానం. నీది కానిదానిని ముట్టరాదు. నీ వద్ద సమృద్ధిగా ఉంటే పంచాలి. మొదటి రాత్రి గుడారం ముందు భాయ్‌జాన్ వీటిని చెబుతుండగా మేమందరం తలలూపాము. దీవిలో తిరిగే డింగో అనే అడవి కుక్కలకు చిక్కకుండా ఆహారాన్ని తాళం వేసి దాచాము. పిల్లలను చేతికందే దూరం దాటనీయలేదు. నియమాలన్నీ పాటిస్తున్నామన్న తృప్తితో నిద్రపోయాము.

పొరపాటు చివరి రోజున జరిగింది. పోటు పూర్తిగా పెరిగే సమయానికి రెండు గంటల ముందూ, రెండు గంటల తరువాతా ఆ తీరంలో ప్రయాణించరాదు. మాలో ఒకరికి ఆ రాత్రి డ్యూటీ ఉంది. “అంతసేపు ఆగితే ఎలా భాయ్‌జాన్? గంట ముందు బయలుదేరితే ఏమవుతుంది?” అని పట్టుబట్టాము. ఆయన ఆటుపోట్ల పట్టిక చూపించారు. అయినా మా మాటే నెగ్గింది.

కొంత దూరం పోయేసరికి అలలు గట్టి ఇసుకను కప్పేశాయి. దిబ్బల పక్కనున్న మెత్తని ఇసుకలోకి ఎక్కక తప్పలేదు. వెనుక వాహనం ఇరుసుల వరకు దిగబడింది. ముందు వాహనంలోని వాళ్ళం వెనక్కి చూడకుండానే సాగిపోయాము. ఫోన్లకు సిగ్నల్ లేదు. తిరిగి వచ్చేసరికి మహిళలు పిల్లలను దిబ్బ వారకు చేర్చారు, మగవారు పారతో చక్రాల ముందున్న ఇసుక తోడుతున్నారు. తోడిన కొద్దీ అల వచ్చి పూడ్చుతోంది. “అబ్బా, మన బండి సముద్రంలోకి వెళ్ళిపోతుందా?” అని అడిగిన చిన్నవాడికి మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

దిబ్బల వెనుక విడిది చేసిన ఒక వృద్ధ జాలరి మమ్మల్ని చూసి తన వాహనంతో వచ్చాడు. మందలించలేదు. ముందు టైర్లలో ఇంకా గాలి తీయించాడు. తరువాత చక్రాల కింద పలకలు పెట్టించి, పట్టీ తగిలించి లాగాడు. మూడవ ప్రయత్నంలో వాహనం బయటపడింది. డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టాడు. భాభీ ఇచ్చిన బిర్యానీ డబ్బా మాత్రం సంతోషంగా తీసుకొన్నాడు.

నీరు తగ్గే వరకు ఆ దిబ్బ మీదే ఆగాము. అక్కడ ఖిబ్లా పడమటి వైపు. సముద్రం వెనుక ఘోషిస్తుండగా, అడవికి అభిముఖంగా నిలబడి జుహర్ నమాజు చేశాము. అప్పటికి మా అందరి గొంతులలోనూ తొందర తగ్గింది. పెద్దవారి మాట కాదన్నందుకు ఒక్కొక్కరమే భాయ్‌జాన్ వద్ద క్షమాపణ చెప్పుకొన్నాము. “నాకెందుకు చెబుతారు, పిల్లలకు చెప్పండి” అన్నారాయన. చెప్పాము.

డ్యూటీకి గంట ఆలస్యమయింది. దానికి ఒక మాట పడితే సరిపోయింది. దిబ్బ వారన నిలబడిన పిల్లల ముఖాలు మాత్రం మరచిపోలేము. మీలో ఎవరైనా ఆ దీవికి వెళ్ళదలిస్తే పారను, పలకలను, లాగే పట్టీని తప్పక తీసుకొనిపోండి. వెనుక వచ్చే వాహనాన్ని కనుచూపు దాటనీయకండి. అన్నిటికంటే ముందు, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. సముద్రం మన సెలవులను చూసి వెనక్కి తగ్గదు.