ఇల్లు కొనేవాడు గడప దాటి చూడాలి

తొర్రూరు 2018లో పురపాలక సంఘంగా మారిన తర్వాత వరంగల్–ఖమ్మం రహదారికి ఇరువైపులా కట్టి అమ్మే ఇళ్ళు పెరిగాయి. అంతకు ముందు మన ప్రాంతంలో ఇల్లంటే కట్టుకునేదే తప్ప కొనుక్కునేది కాదు. పునాది మన కళ్ళెదుటే తవ్వేవారు. ఇసుకను మన ఇంటి ఆడవాళ్ళే జల్లెడ పట్టేవారు. గోడలకు పొద్దున, సాయంత్రం నీళ్ళు పట్టే పని పిల్లలది. ఆ ఇంట్లో ఏ లోపముందో యజమానికి ముందే తెలిసి ఉండేది. ఇప్పుడు లప్పం పూసి, రంగులు వేసి, విద్యుద్దీపాలు వెలిగించిన తర్వాతే ఇల్లు మనకు కనబడుతోంది. లోపలున్నదేమిటో కట్టినవాడికీ, సర్వజ్ఞుడైన అల్లాహ్‌కూ మాత్రమే తెలుసు.

కొత్త ఇంట్లో దుఆ చేయమని మమ్మల్ని చాలామంది పిలుస్తారు. కొనకముందు సలహా అడిగేవారు అరుదు. ఈ ఏడు మా మేనల్లుడు ముందే వచ్చాడు. పదకొండేళ్ళు సౌదీలో వాహనం నడిపి కూడబెట్టిన సొమ్ము అతని దగ్గర ఉంది. వడ్డీ జోలికి పోకుండా, ఆ సొమ్ముతోనే నూట యాభై గజాల్లో కట్టిన ఇల్లు కొనాలనుకున్నాడు. "మామూ, మీరొకసారి చూసి సరేనంటే రేపే బయానా ఇచ్చేస్తాను" అన్నాడు.

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ఇక్కడొక విషయం గమనించాలి. అప్పు తీసుకునేవారి ఇంటికి బ్యాంకు తరఫున ఒక ఇంజనీరు, కాగితాలు చూడడానికి ఒక న్యాయవాది వస్తారు. వారు బ్యాంకు మేలు కోసమే చూస్తారు, నాణ్యతను లోతుగా పరీక్షించరు. అయినా బయటివారి కళ్ళు రెండు ఆ ఇంటిపై పడతాయి. సొంత సొమ్ముతో కొనేవారికి ఆ పాటి పరిశీలన కూడా ఉండదు. కాబట్టి వారే ఇంజనీరుకు రుసుము చెల్లించి పిలిపించుకోవాలి. జీవితమంతా కూడబెట్టిన దానిలో ఆ రుసుము ఎంత?

మదరసాలో మేము బోధించే హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం 'హిదాయా'లో ఒక చర్చ ఉంది. కొనుగోలుదారుడు ఇంటిని ఎంతవరకు చూస్తే 'చూసినట్లు' అవుతుంది? ఆవరణను చూస్తే చాలు, గదులు చూడకపోయినా ఫర్వాలేదన్నది పూర్వీకుల మాట. కాదు, గదుల్లోకి వెళ్ళి చూడాల్సిందేనన్నారు ఇమామ్ జుఫర్ (రహ్మతుల్లాహి అలైహ్). పన్నెండో శతాబ్దానికి చెందిన గ్రంథకర్త ఇమామ్ మర్గీనానీ ఈ రెండు మాటలనూ చెప్పి ఎంతో వివేకంతో తీర్పునిచ్చారు. పూర్వం ఇళ్ళన్నీ ఒకే తీరున ఉండేవి గనుక ఆ మాట ఆనాటి అలవాటుకు తగినది, ఇప్పుడు ఇంటికీ ఇంటికీ తేడా ఉంది గనుక లోపలికి వెళ్ళక తప్పదన్నారు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే 'ఇప్పుడు తేడా ఉంది' అన్నారంటే, నేటి సంగతి చెప్పనక్కర్లేదు! ఈ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు ఆవలిస్తారు. ఆ ఇంటి గడప దాటుతుంటే మాకు గుర్తొచ్చింది మాత్రం ఈ పాఠమే.

మా మస్జిదుకు వచ్చే ఒక వృద్ధ సుతారిని వెంట తీసుకెళ్ళాము. ఆయన రంగుల వంక చూడలేదు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నేలపై రాళ్ళను ఒక్కొక్కటిగా తట్టారు. కింద సిమెంటు నిండుగా లేని చోట బోలు చప్పుడు వచ్చింది. స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు కుమ్మరించి, అవి జాలీ వైపు పోతాయా, గుమ్మం వైపు వస్తాయా అని నిలబడి చూశారు. గోడ మూలకు తూకం గుండు వేలాడదీశారు. గిలాబు మీద వెంట్రుక వంటి గీతలుంటే పట్టించుకోలేదు గానీ, కిటికీ మూల నుండి ఏటవాలుగా దిగిన బీట ఒకటి కనబడగానే దాని వెంట వేలు పోనిచ్చి, గోడకు అవతలి వైపున కూడా ఉందేమోనని బయటికి వెళ్ళి చూసి వచ్చారు. అవతల లేదు. ఉంటే ఆ బీట పునాది దాకా వెతకాల్సి వచ్చేదన్నారు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. అటువంటి చోట చెలక నేలకు తవ్వినంత లోతే తవ్వి పునాది వేస్తే గోడలు ఆ సంగతి రెండేళ్ళలో చెప్పేస్తాయట.

తర్వాత ఆయన పక్కింటివారిని అడిగింది ఒకే ప్రశ్న. స్లాబు వేశాక ఎన్ని రోజులు నీళ్ళు నిలబెట్టారు? కాంక్రీటుకు బలం వచ్చేది నీటితోనే. పొడి వేడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని భారత ప్రమాణాల నియమావళి చెబుతోంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బోర్లు అడుగంటుతాయి. ట్యాంకరు నీళ్ళు కొనాలంటే ఖర్చు. అందుచేత వేసవిలో వేసిన స్లాబు గురించి ఈ ప్రశ్న తప్పక అడగాలి. పక్కింటావిడ సందేహిస్తూనే, నాలుగైదు రోజులు చూశానంది.

ఇలా అడగడం, చెప్పడం గీబత్ కాదా అని మా చెల్లెలు కలవరపడింది. మంచి సందేహమే. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన వివాహ సంబంధాల గురించి సంప్రదించినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆ ఇద్దరి లోటుపాట్లను ఉన్నదున్నట్లు చెప్పారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. లావాదేవీకి ముందు సలహా కోరినవారికి నిజం చెప్పడం నిషిద్ధ పరోక్షనిందలోకి రాదని ఇమామ్ నవవీ వంటి పండితులు వివరించారు. అయితే అడిగినంతకే, తెలిసినంతకే చెప్పాలి. ఒక ఇంట్లో చెమ్మ చూసి ఆ మనిషి కట్టిన ఇళ్ళన్నీ కూలిపోతాయని బజారులో చాటితే అది వేరే లెక్క. ఆ బిల్డరు మూడేళ్ళ క్రితం అమ్మిన ఇంటికి మా ఇంటివారిని పంపించాము. వంటగది గోడ, మరుగుదొడ్డి వాసన, వానాకాలపు చెమ్మ గురించి ఆ ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. గోడలు బాగున్నాయనీ, డాబా మాత్రం మొదటి వానకే కారిందనీ ఆమె చెప్పింది.

అందుకని డాబా మీద నీళ్ళు నిలబెట్టి చూస్తామన్నాము. ఇదే అసలు చిక్కు తెచ్చిపెట్టింది. ఆ బిల్డరు మా మస్జిదులో మొదటి వరుసలో నిలబడే మనిషి. "మౌలానా సాబ్, నా వెనుక నమాజు చేసినవారు కూడా నన్ను అనుమానిస్తారా?" అని ఆయన నొచ్చుకున్నారు. మేనల్లుడూ వెనకడుగు వేశాడు. మాకు హజ్రత్ ఉమర్ (రజి) గురించి గ్రంథాల్లో వచ్చిన ప్రసిద్ధ ఉదంతం గుర్తొచ్చింది. ఒకరి మంచితనానికి సాక్ష్యం చెప్పిన వ్యక్తిని ఆయన అడిగారట: నీవు అతని పొరుగువాడివా, అతనితో ప్రయాణం చేశావా, డబ్బు వ్యవహారం నడిపావా? దేనికీ అవునన్న జవాబు రాలేదు. అయితే మస్జిదులో చూసి ఉంటావు, నీకు అతను తెలియదు పొమ్మన్నారట. ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చెయ్యి పోనిచ్చి చూసిన హదీసు కూడా మనకు తెలిసిందే. తడిని అడుగున ఉంచిన వర్తకుణ్ణి ఆయన మందలించారు. అక్కడ ఆయన రాశి పైభాగాన్ని చూసి వెళ్ళిపోలేదు. మేము బిల్డరుతో ఇంతే అన్నాము: "డాబా కారకపోతే ఈ ఊళ్ళో మీ ఇళ్ళకు మేమే సాక్షులం."

నీళ్ళు పోయే గొట్టాలకు గుడ్డలు కుక్కి, డాబాపై రెండంగుళాల మేర నీళ్ళు నిలిపారు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు అసర్ వేళకు పడకగది మూలలో అరచేతి వెడల్పున తడి మరక తేలింది.

ధర తగ్గించుకుని తీసుకుందామని మా చెల్లెలు అంది. ధర తగ్గితే కారడం ఆగదు కదా! లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు, 'ఖియారె ఐబ్', కొనుగోలుదారుడికి ఉంది. కానీ లోపం తెలిసిన తర్వాత తానే మరమ్మతు చేయించుకుని వాడుకుంటే, దానికి సమ్మతించినట్లేనని హనఫీ పండితులు అంటారు. అన్ని లోపాలకూ బాధ్యత లేదన్న షరతుకు ఒప్పుకుని కొన్నా ఆ హక్కు పోతుంది. బిల్డరు తెచ్చిన ఒప్పందంలో సరిగ్గా అటువంటి వాక్యమే, చివరి పుటలో, సన్నని అక్షరాల్లో ఉంది. దాన్ని కొట్టివేయించాము.

దేశంలో 2016 నాటి రెరా చట్టం ప్రకారం, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టేవాటికి ఆ చట్టం కింద నమోదు అవసరం లేదు. మన తొర్రూరు వంటి ఊళ్ళలో అమ్మకానికి వచ్చే ఇళ్ళు ఎక్కువగా ఈ కొలతకు లోపలివే. అనుమతి కూడా 500 చదరపు మీటర్ల వరకు స్వీయ ధ్రువీకరణతోనే వస్తుంది. ఇసుకలో మన్నెంత, కమ్మీకి కాంక్రీటు కప్పు ఎంత అని అడిగే అధికారి ఎవరూ ఆ ఇంటికి రారు. కనుక చట్టంలోని ఆ ఐదేళ్ళ మాటనే ఒప్పందంలో రాయించమని మేనల్లుడికి చెప్పాము.

బిల్డరు రెండు రోజులు మస్జిదులో మమ్మల్ని పలకరించలేదు. మూడో రోజు ఇషా తర్వాత వచ్చి, డాబా పైపూతను తవ్వించి వాలు సరిచేసి మళ్ళీ వేయిస్తానని, ఐదేళ్ళ షరతు రాసిస్తానని అన్నారు. పది రోజులు నీళ్ళు పట్టించారు. సుతారి రెండోసారి నీళ్ళు నిలిపినప్పుడు మూడు రోజులు చూసినా మూల పొడిగానే ఉంది. బయానా ఆ తర్వాతే చేతులు మారింది. మృగశిర వానలు పడిన మరునాడు బిల్డరే స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి, పడకగదిలో తలెత్తి చూసి వచ్చారని మేనల్లుడు చెప్పాడు.