మిక్కీ పేరు పెట్టుకున్న కుందేలు

ఒసాకా నగరంలో షితెన్నోజి అనే బౌద్ధాలయం ఉన్నది. క్రీ.శ. 593లో షోతొకు యువరాజు దానిని నెలకొల్పాడని చెబుతారు. అందలి అయిదంతస్తుల గోపురాన్ని 1934లో తుపాను కూల్చింది. తిరిగి కట్టినదానిని 1945లో బాంబులు కాల్చాయి. నేడు కనిపించేది ఆ తరువాత కట్టినది. ప్రతి నెలా 21, 22 తేదీలలో ఆ ప్రాంగణమంతా పాత వస్తువుల సంతగా మారిపోతుంది. కిమోనోలు, టీ గిన్నెలు, ఆగిపోయిన గడియారాలు, రేకు బొమ్మలు దుప్పట్ల మీద బారులు తీరి ఉంటాయి.

నేను ఆ సంతకు వెళ్లడానికి ఒక కారణమున్నది. జపాను దేశపు యానిమేషన్ చిత్రాలలో నేడు మిగిలి ఉన్నవాటిలో అతి ప్రాచీనమైనదిగా ఎన్నబడే 1917 నాటి ‘నమకురా గతన’ 2007లో ఒసాకాలోని పాత వస్తువుల సంతలోనే ఒక పరిశోధకుని కంటబడింది. జునిచి కోఉచి గీసిన చిత్రమది. మొండి కత్తిని కొన్న ఒక తెలివితక్కువ సమురాయ్ దారిన పోయేవారి మీద దానిని పరీక్షించబోయి తానే చావుదెబ్బలు తింటాడు. నాలుగు నిమిషాల పాటి ఆ నవ్వు తొంభై ఏళ్లు ఎవరికీ వినిపించకుండా ఏదో డబ్బాలో పడి ఉన్నది.

ఫిల్ము ముక్కల మీద నాకున్న మోజు కొత్తది కాదు. మా ఊరి టూరింగ్ టాకీసు వెనుక పారవేసిన ముక్కలను ఏరి తెచ్చుకొని, మాడిపోయిన బల్బులో నీళ్లు నింపి, కిటికీలో అద్దం పెట్టి ఎండను లోపలికి మళ్లించి, చీకటి గదిలో సున్నపు గోడ మీద బొమ్మ వేసేవాళ్లం. ముక్కను తలక్రిందులుగా పట్టుకుంటేనే గోడ మీద రాజుగారు నిటారుగా నిలబడేవారు. ఈ విద్య తెలిసిన పాఠకులు నన్ను క్షమిస్తారనుకుంటాను.

సంతలో ఒక వృద్ధుని దుప్పటి మీద అరచేతిలో ఇమిడేంత రేకు డబ్బా కనిపించింది. మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన ముక్కుకు కొట్టింది. లోపల 16 మిల్లీమీటర్ల రీలు. జానెడు విప్పి ఎండకు పెట్టి చూశాను: నల్లని జంతువొకటి బండెక్కి పరుగు తీస్తున్నది. పిల్లియో, కుక్కయో పోల్చుకోలేకపోయాను. పేరు లేదు. రెండు వేల యెన్‌లన్నాడు. కుళ్లిపోయిన సరుకనుకొని మూత పెట్టి ఇచ్చేశాను.

మర్నాడు కోబె వెళ్లాను. జపానులో చలనచిత్రమనే వస్తువును తొలిసారిగా ప్రజలకు చూపిన నగరంగా కోబెకు పేరు. 1896లో ఎడిసన్ కినెటోస్కోపును అక్కడే ప్రదర్శించారు. నా గమ్యం మాత్రం రేవు కాదు, షిన్-నగత పేట. 1995 జనవరి 17 నాటి భూకంపంలో ఈ ప్రాంతం వీధులకు వీధులుగా తగులబడింది. పేట మళ్లీ లేచి నిలబడిందనడానికి గుర్తుగా 2009లో ఒక ఉక్కు మరమనిషి విగ్రహాన్ని నిలిపారు. అది కోబె బిడ్డ మిత్సుతెరు యొకొయామ సృష్టించిన కార్టూను కథానాయకుడు, ‘తెత్సుజిన్ 28’. దేవుళ్లకూ దొరలకూ కాక ఒక బొమ్మల కథానాయకునికి విగ్రహం కట్టుకున్న ఆ పేటవాసుల మీద నాకు చప్పున గౌరవం కలిగింది.

అక్కడికి కాలినడక దూరంలో, ఒక వాణిజ్య భవనంలో, కోబె ప్లానెట్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉన్నది. చిన్న ప్రదర్శనశాల, గదుల నిండా డబ్బాలు. 2018లో ప్రపంచ వార్తలకెక్కిన రీలు ఇక్కడిదే.

ఆ కథ చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. సినిమాను ఇంటికి తెచ్చుకోవాలన్న కోరిక సినిమా అంత పాతది. 1922లో ఫ్రాన్సుకు చెందిన పాథే సంస్థ 9.5 మిల్లీమీటర్ల ఫిల్మును, మరుసటి ఏడు అమెరికాలో కొడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్ల దానిని విడుదల చేశాయి. వాటితోపాటు ఇంట్లో చూసుకోవడానికి కార్టూనులూ అమ్మకానికి వచ్చాయి. అయితే ఉన్నదున్నట్లు కాదు. నిడివి తగ్గించి, మాటలు తీసివేసి, ఒక్కొక్కప్పుడు పేర్లు సైతం మార్చి అమ్మేవారు. వాన్ బ్యూరెన్ స్టూడియో 1930ల తొలినాళ్లలో తీసిన ‘టామ్ అండ్ జెర్రీ’ చిత్రాలలో పిల్లీ ఎలుకా ఉండవు. ఒక పొడుగాటివాడు, ఒక పొట్టివాడు ఉంటారు. తరువాత వచ్చిన పిల్లీ ఎలుకల జంట పేరుకెక్కడంతో ఇళ్లకమ్మే రీళ్లలో వీరికి ‘డిక్ అండ్ లారీ’ అని నామకరణం చేశారు. పాత రీళ్లు సేకరించేవారు డబ్బా మీద పేరును ఎందుకు నమ్మరో దీనినిబట్టి తెలుస్తుంది.

జపానులో ఇది మరొక దారి పట్టింది. సినిమా హాళ్లలో ఆడి అరిగిన ప్రతులను కత్తిరించి, చిన్న చిన్న ముక్కలుగా చుట్టి, చేతితో త్రిప్పే రేకు ప్రొజెక్టర్లతో పాటు పిల్లలకు ఆటవస్తువులుగా అమ్మేవారు. వాటిని బొమ్మ సినిమాలనేవారు. కత్తెర వేసినవాడు ఆ ప్రతిని నాశనం చేశాడన్న మాట నిజం. 1923 భూకంపం, యుద్ధకాలపు బాంబులు, నిర్మాతల అశ్రద్ధ, ఇవన్నీ కలిసి మూగ చిత్రాలలో అత్యధిక భాగాన్ని మింగివేయగా, కొన్నింటికి మిగిలినది ఆ కత్తెర ముక్కే. ఆ కత్తెరవాణ్ణి దూషించాలో నమస్కరించాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇక కోబె రీలు సంగతి. 1927, 1928 సంవత్సరాలలో వాల్ట్ డిస్నీ బృందం ఆస్వాల్డ్ అనే కుందేలుతో 26 చిత్రాలు తీసింది. హక్కులు యూనివర్సల్ సంస్థవి కావడంతో 1928లో ఆ కుందేలు డిస్నీ చేజారింది. ఆ నష్టంలోంచే మిక్కీ మౌస్ పుట్టింది. చాలాకాలం ఆ 26 చిత్రాలను పట్టించుకున్న నాథుడు లేడు. 2017లో వెలువడిన ఒక గ్రంథం వాటిలో ఏడు ఎక్కడా దొరకలేదని తెలిపింది. జపాను యానిమేషన్ చరిత్రకారుడు యసుషి వతనబె ఆ పుస్తకం చదివి తన పాత రీలొకటి జ్ఞాపకం చేసుకున్నాడు. అప్పటికాయనకు 84 ఏళ్లు. హైస్కూలు విద్యార్థిగా ఉన్నప్పుడు ఒసాకాలో బొమ్మల టోకు వర్తకుని వద్ద 500 యెన్‌లిచ్చి కొన్న 16 మిల్లీమీటర్ల ముక్క అది. దాని మీద ఉన్న పేరు మిక్కీది! తీరా పరిశీలిస్తే కారులో ప్రియురాలితో పారిపోతున్నది ఎలుక కాదు, కుందేలు. వెంట మోటారు సైకిల్ మీద కుక్క పోలీసు. 1928 నాటి ‘నెక్ ఎన్ నెక్’ చిత్రమది. అసలు అయిదు నిమిషాలలో దొరికినవి రెండే. తన స్థానంలోకి వచ్చినవాని పేరు తగిలించుకొని ఆ కుందేలు డెబ్బై ఏళ్లు బ్రతికింది.

అక్కడ పనిచేసే ఒక యువకునితో మాటల సందర్భంలో నిన్నటి వెనిగర్ వాసన సంగతి చెప్పాను. అతని ముఖం మారింది. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ విచ్ఛిన్నమవుతూ ఆమ్లాన్ని విడుస్తుందట. ఆ ఆమ్లమే క్షయాన్ని ఇంకా తొందర చేస్తుంది, ప్రక్కనున్న రీళ్లకూ అంటిస్తుంది. ఒకసారి మొదలయితే వెనుకకు మళ్లించలేరు, చల్లని చోట ఉంచి నెమ్మదింపజేయగలరంతే. కాని ఫిల్ము ముడుచుకొని పెళుసెక్కేలోగా నకలు తీయవచ్చు. వాసన వేసినంత మాత్రాన బొమ్మ పోయినట్లు కాదని, పేరు లేని రీలునే ముందుగా చూడాలని అతడన్నాడు. ‘ఏ జంతువు?’ అని రెండుసార్లు అడిగాడు. చెవులెలా ఉన్నాయో నేను చూడనేలేదు.

బయటకు వచ్చేసరికి సాయంకాలమైంది. ఒసాకా చేరేటప్పటికి చీకటి పడింది, గుడి తలుపులు మూశారు. మర్నాడు 23వ తేదీ. తెల్లవారగానే వెళ్లాను. దుప్పట్లు లేవు, జనం లేరు. ఆ వృద్ధుడు కూర్చున్న చోట ఒక భిక్షువు రాలిన ఆకులను ఊడుస్తున్నాడు. చేతులతో డబ్బా ఆకారం చూపి, రాని భాషలో ఆయనను ఏదో అడిగాను. ఆయన నవ్వి వ్రేళ్లు మడిచి లెక్కపెట్టి, వచ్చే నెల 21 అని చూపాడు. నా విమానం ఆ రాత్రికే.