బక్కెట్‌కి కట్టిన తాడు

మా అబ్బా కడపలో ఇళ్ళకు రంగులేసేవాడు. ఒక రమ్జాన్ నెలలో, రోజా ఉండి, రెండో అంతస్తు గోడకు రంగు కొడుతూ సారవ పలక మీద నుంచి పడిపోయాడు. ఇఫ్తార్‌కి ఖర్జూరాలు తెస్తానన్న మనిషిని అసర్ వేళకి ఆటోలో తెచ్చారు. జనాజా దగ్గర అందరిదీ ఒకే మాట: తఖ్దీర్‌లో అంతే రాసుంది. అమ్మీ ఆ మాట పట్టుకునే సబర్ చేసింది. నేనూ అదే అనుకున్నా, దుబాయ్ వెళ్ళేదాకా.

అక్కడ చేరగానే పనిలోకి పంపలేదు. ముందు ఎత్తులో పనిచేయడం మీద రెండు రోజుల తాలీమ్. పెషావర్ ఉస్తాద్ ఒకాయన ఉర్దూలో చెప్పేవాడు. హాజరీ పడుతోంది కదా, హాయిగా ఏసీలో కూర్చోవచ్చు అనుకున్నా.

ఆయన మొదట నాకే ఒంటి నిండా పట్టీలుండే హార్నెస్ తొడిగి, దూలానికి వేలాడదీశాడు. తొడల దగ్గర పట్టీలు కోసేస్తున్నాయి. కాసేపటికే కాళ్ళు తిమ్మిరెక్కాయి.

"తాడు ఆపింది కాబట్టి బతికిపోయాం అనుకోవద్దు మియా. వేలాడే మనిషి నెత్తురు కాళ్ళలోకి దిగిపోతుంది. నిమిషాల్లో దించాలి. ఎలా దించాలో ఎక్కకముందే అనుకోండి, ఒంటరిగా ఎక్కకండి" అన్నాడు.

నడుము బెల్టు ఒక్కటే కట్టుకుని పడితే ఆ ఝట్కాకి వెన్నెముకే విరగొచ్చట. తర్వాత బోర్డు మీద హిసాబ్ వేశాడు. తాడు 2 మీటర్లు. ఝట్కా తట్టుకోవడానికి మడిచి కుట్టిన పట్టీ విప్పుకుంటే ఇంకో మీటరున్నర పైన. దాని కింద మన ఒళ్ళు, ఆ కింద కాస్త జాగా. కాళ్ళ దగ్గర హుక్ వేసుకుంటే కింద 6 మీటర్లకు పైనే ఖాళీ ఉండాలి. లేకపోతే తాడు ఆపేలోగా నేల తగులుతుంది. అందుకే హుక్ తలకు పైన, గట్టిదానికే వేయాలి. హుక్‌లు రెండు. "ఏక్ ఖోలే తో దూస్రా బంద్."

చివర్లో అడిగాడు, మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలా పడి పోయినవాళ్ళున్నారా అని. నాతో పాటు ఇంకో నాలుగైదు చేతులు లేచాయి.

"మీ అబ్బాకి తాడు లేదా?"

"తాడుంది. రంగు బక్కెట్ పైకి లాగేది" అన్నాను. అన్నాకే ఆ మాట నాకు వినబడింది.

ఆ రాత్రి ఇషా నమాజులో దిల్ నిలవలేదు. తఖ్దీర్ మీద నాకు ఈమాన్ ఉంది. కానీ ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత తవక్కుల్ చేయమని రసూలుల్లా చెప్పిన సంగతి జుమా బయాన్‌లలో ఎన్నిసార్లు వినలేదు! రంగు ఒలకకూడదని బక్కెట్‌కి తాడు కట్టారు. మనిషికి కట్టాలని ఎవరికీ తోచలేదు. ఇది అమ్మీకి చెప్తే ఆమె సబర్ ఏమైపోతుందో అని ఏళ్ళ తరబడి నోరు మూసుకున్నా.

ఇప్పుడు మా భాయ్ కొడుకూ రంగుల పనే. కాంట్రాక్టర్ ఇచ్చిన నడుము బెల్టు తగిలించుకుని, కొక్కెం నీళ్ళ పైపుకు వేస్తాడు. దుబాయ్ నుంచి వచ్చాక వాడికి హార్నెస్ కొనిచ్చి, మా మిద్దె మీద తొడగడం నేర్పుతున్నా.

"అల్లా ఉన్నాడు కదా చాచా" అని నవ్వాడు.

నాకు గుస్సా ఆగలేదు. బక్కెట్ తాడు సంగతి మొత్తం చెప్పేశా. వెనక్కి తిరిగితే మంచం మీద తస్బీతో అమ్మీ. ఎప్పుడొచ్చి కూర్చుందో.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మీ అబ్బాకి చెప్పేవాళ్ళే లేకపోయిరి కదరా" అంది.

ఇప్పుడు పొద్దున్నే వాడు పనికి పోయేముందు హార్నెస్ అమ్మీ ఒళ్ళో పెట్టాలి. చూపు సరిగా ఆనదు, వేళ్ళతోనే ప్రతి కుట్టూ తడుముతుంది. తెగిందా, థిన్నర్ పడి పట్టీ పాడైందా అని. ఒకసారి పడిన మనిషిని ఆపిన పట్టీని మళ్ళీ వాడకూడదని కూడా నేర్చుకుంది. అంతా చూశాకే దువా చదివి వాడి మీద ఊదుతుంది.