నాన్నగారి డిస్కు

సాఫ్టువేరు ఉద్యోగం అంటే కంప్యూటరు మూత విప్పి బాగుచేసేవాడని మన చుట్టాలందరికీ ఒక గట్టి నమ్మకం. నేను పాతికేళ్ళుగా టెక్సాసులో చేస్తున్నది ఇన్సూరెన్సు కంపెనీల పాత డేటాబేసుల్లోంచి కొత్తవాటిలోకి సరుకు తరలించడం. స్క్రూడ్రైవరుతో బొత్తిగా పనిలేదు. అయినా ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ, పెట్టెలు ఇంకా విప్పకముందే, పక్కింటివాళ్ళ ప్రింటరు, పిన్ని వైఫై, మేనల్లుడి లాప్‌టాపు వరసగా క్యూ కడతాయి. మీలో చాలామందికి ఇది అనుభవమే అయ్యుంటుంది.

2024 డిసెంబరులో తెనాలి వెళ్ళినప్పుడు మాత్రం ఆ క్యూలో అందర్నీ వెనక్కి నెట్టేసింది నాన్నగారి కంప్యూటరు. పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, కాఫీ తాగి, పేపరు మొదటి పేజీ నుంచి సినిమా పేజీ దాకా చదివి వస్తే, అప్పటికి తెరమీద బొమ్మలన్నీ కుదురుకుంటున్నాయి. "ముసలిదైపోయిందిరా, నాలాగే" అన్నారాయన. నెమ్మది సంగతి ఫోన్లో ముందే చెప్పారు కాబట్టి నేను దానికి సిద్ధపడే వెళ్ళాను. చెప్పనిది ఇంకోటుంది. మధ్యమధ్యలో లోపల్నించి టిక్... టిక్... అని చప్పుడు. అది విన్నాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఎందుకో చెప్పాలంటే డిస్కు లోపలి సంసారం కాస్త చెప్పాలి. పాతరకం హార్డు డిస్కులో పళ్ళేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకి 120 చుట్లు. కావలసిన ముక్క ముల్లు కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, అది నాలుగు మిల్లీసెకన్లు. ముల్లు సరైన వరస మీదకి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. వెరసి ఎక్కడెక్కడో చెదిరిపడున్న చిన్న ముక్కలు తెమ్మంటే సెకనుకి ఎనభైకి మించి తేలేదు పాపం. విండోసు లేవాలంటే అలాంటి ముక్కలు వేలకి వేలు కావాలి. అదీ కాఫీ, పేపరు కథ. ఇక టిక్కుటిక్కు అంటే, ముల్లుకి ఒకచోట రాత అందక వెనక్కెళ్ళి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందని చాలాసార్లు అర్థం. డిస్కు తన ఆరోగ్యం తనే రాసుకునే పట్టిక ఒకటుంటుంది. తీసి చూస్తే చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్లు వందల్లో ఉన్నాయి. చదవలేక పక్కన పెట్టినవి ఇంకొన్ని.

పోతే పోయింది, కొత్తది కొనిపెడితే పోలా అంటారా? మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. రిటైరైన దగ్గర్నుంచీ చుట్టుపక్కల పల్లెలు తిరిగి సేద్యం మాటలు, పాడి మాటలు, మగ్గం మాటలు పోగేస్తున్నారు. చీటీల మీద రాసుకొచ్చి, పేజ్‌మేకరులో అను ఫాంట్లతో టైపు కొట్టి, అక్షరానికొక ఫైలు చేసుకున్నారు. ఆ చీటీల పెట్టెకి 2021 వానాకాలంలో చెదలు పట్టింది. సగానికి సగం మట్టి. పెన్‌డ్రైవు మీద కాపీ ఒకటుంది గానీ అది 2019 నాటిది. అంటే ఆ తరవాతి అయిదేళ్ళ తిరుగుడంతా ఈ టిక్కుటిక్కుమంటున్న పళ్ళెం మీదే ఉందన్నమాట.

ఆఫీసులో మేం ఇలాంటి తరలింపు చెయ్యాలంటే మూడు రిహార్సళ్ళు వేస్తాం. తేడా వస్తే వెనక్కి మళ్ళే దారి ముందే రాసి సంతకాలు పెట్టించుకుంటాం. ఇక్కడ ఉన్నది ఒకే డిస్కు, మూడు వారాల సెలవు.

పైగా ఫైళ్ళు మాత్రం తీసుకుంటే చాలదు. పేజ్‌మేకరు ఆఖరి వర్షను 7, అది 2001లో వచ్చింది. ఆ సీడీలు ఎప్పుడో పోయాయి, ఫాంట్లు వేసిపెట్టిన కుర్రాడు ఊళ్ళో లేడు. నాన్నగారి చేతివేళ్ళకి అలవాటైన కీబోర్డు వరస మారితే ఆయన పని అక్కడితో ఆగిపోతుంది. అందుకని ఉన్నదున్నట్టు ఎత్తి కొత్తదాంట్లో దించాలి.

ఆ కొత్తది నేను బయల్దేరేముందే కొని జేబులో వేసుకొచ్చాను. జేబులో అంటే నిజంగా చొక్కా జేబులోనే. ఎం.2 రకం ఎస్సెస్‌డీ, చూయింగ్ గమ్ పలకంత ఉంటుంది. కొనేముందు మేనల్లుడి చేత మదర్‌బోర్డు ఫొటో తీయించి, పేరు చదివి, దాని మాన్యువలు చూసుకున్నాను. ఇక్కడే చాలామంది తికమకపడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎం.2 అన్నది ఆకారం పేరే గానీ భాష పేరు కాదు. అదే ఆకారంలో పాత శాటా భాష మాట్లాడేవీ ఉంటాయి, ఎన్‌వీఎంఈ మాట్లాడేవీ ఉంటాయి. బోర్డు మీది స్లాటుకి ఏది అర్థమవుతుందో మాన్యువలు చెప్పాలి. కొన్నిటికి రెండూ వస్తాయి, కొన్నిటికి ఒకటే. ఎన్‌వీఎంఈ పలకకి మామూలుగా అంచున ఒక గాటు ఉంటుంది, శాటా పలకకి ఎక్కువగా రెండు గాట్లు. అలాగని గాట్లు చూసి, పట్టింది కదా అని సంబరపడకూడదు. రెండు గాట్ల పలక ఒక గాటు స్లాటులో హాయిగా కూచుంటుంది, కూచుని పలక్కుండా ఊరుకుంటుంది. పైన 2280 అని రాసుంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లని లెక్క. వైఫై కార్డు కోసం ఉండే బుల్లి స్లాటు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాని జోలికి పోవద్దు. నాన్నగారి బోర్డు 2017లో విజయవాడలో బిగించింది. స్లాటులో ఎన్‌వీఎంఈకి నాలుగు దారులున్నాయి. శాటా మహా అయితే సెకనుకి 550 మెగాబైట్లు, ఇది మూడు వేలు దాటుతుంది.

అయితే పలక బిగించడం ఆఖరి పని. చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద విండోసుని లేపకూడదు, చెకింగులు నడపకూడదు. ముందు దాని ప్రతిరూపం తీసుకోవాలి. పెన్‌డ్రైవు నుంచి లినక్సు లేపి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నేను తెచ్చుకున్న ఎక్స్‌టర్నలు డిస్కు మీదకి ఎత్తడం మొదలెట్టాను. దాని పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది. తేలిగ్గా వచ్చేవన్నీ ముందు తీసేసుకుంటుంది, మొరాయించిన చోట దెబ్బలాడకుండా దాటిపోయి, చివర్లో వాటి దగ్గరికి తిరిగొస్తుంది. పెళ్ళిలో అలిగిన మేనమామని మా అమ్మ బతిమాలే పద్ధతి. ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడెక్కడ వదిలేసిందో ఒక చిన్న మాపు ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఆ ఫైలుని కూడా ఎక్స్‌టర్నలు డిస్కు మీదే పెట్టాలి, మరచిపోవద్దు.

రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కూసి నోరు మూసుకుంది. చీకట్లో నాన్నగారి గొంతు, "అయిపోయిందా?" అని. ఏ అర్థంలో అడిగారో నాకు తెలీలేదు. "లేదు నాన్నగారూ, ఆగింది" అన్నాను. నాలుగింటికి కరెంటొచ్చింది. మాపు ఫైలు ఉంది కాబట్టి ఆగినచోటి నుంచే అందుకుంది. ఆయన మంచం మీద లేరు, వెనక కుర్చీలో ఉన్నారు. తెల్లవార్లూ అక్కడే కూచున్నారు.

తొమ్మిదింటికి 500 జీబీలో అంతా వచ్చేసింది, 184 కేబీ తప్ప. నాలుగు సార్లు బతిమాలినా ఆ ముక్క రాలేదు.

తరవాత బిగింపు. కరెంటు వైరు పీకేసి, పవర్ బటను ఓసారి నొక్కి మిగిలిన ఛార్జి పోగొట్టి, కేసు ఇనుముని ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ వదిలించుకుని మూత తీశాను. పలకని ముప్పై డిగ్రీల ఏటవాలుగా స్లాటులోకి తోస్తే లోపలికి దిగుతుంది. వదిలితే అలాగే తల ఎగరేసి నిలబడుతుంది. తలవంచి నొక్కిపట్టి చివర ఒక స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ లేదు! రెండు మిల్లీమీటర్ల లావు, మూడు మిల్లీమీటర్ల పొడవు. బోర్డుతో పాటు చిన్న పొట్లంలో ఇస్తారు, ఎనిమిదేళ్ళలో ఆ పొట్లం ఎటుపోయిందో. కేసు స్క్రూలేవీ దీనికి పనికిరావు, బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. ఒక కంప్యూటరు షాపాయన "టేపేసెయ్యండి సార్, ఏం కాదు" అన్నాడు. వేడెక్కే వస్తువుకి టేపేమిటండీ! చివరికి సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడొకడు చచ్చిపోయిన లాప్‌టాపు గుట్టలోంచి ఒకటి విప్పి, అయస్కాంతం మొనకి అంటించి ఇచ్చాడు. ఎంత అంటే, "స్క్రూకి డబ్బులేంటి అంకుల్" అన్నాడు. అంకుల్ అన్నందుకు గుచ్చుకుంది గానీ, వాడి చల్లని చెయ్యి.

ప్రతిరూపాన్ని కొత్తదాని మీదకి దించాక చిన్న చిక్కొకటి. పాత డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. ఎన్‌వీఎంఈ మీంచి లేవాలంటే జీపీటీ, యూఈఎఫ్ఐ కావాలి. విండోసు పెన్‌డ్రైవులో ఎంబీఆర్2జీపీటీ అని ఒక ఆదేశం ఉంటుంది, ఫైళ్ళు ముట్టుకోకుండా మార్చిపెడుతుంది. ఒకసారి సేఫ్ మోడులో లేపితే కొత్త చోటుని గుర్తుపట్టింది. ఆ తరవాత పదిహేను సెకన్లలో తెర వచ్చేసింది. నాన్నగారు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఇందులో తిరిగేది ఏమీ లేదు గదా, మరి అక్షరం దేని మీద నిలబడుతుందిరా?" అని అడిగారు. కోట్లకొద్దీ బుల్లి గదులుంటాయి, ఒక్కో గదిలో కాస్త విద్యుత్తుని బంధించి పెడతారు, 1980ల్లో జపానులో తోషిబాలో మసువోకా అనే ఇంజినీరు కనిపెట్టాడు అని చెప్పాను. "బంధిస్తే శాశ్వతమేనా?" అంటే, కాదు. ఏళ్ళతరబడి కరెంటు చూపించకపోతే మెల్లగా మర్చిపోతుంది. పైగా పాతది పోయేముందు టిక్కుమని చెప్పింది, ఇది చాలాసార్లు చెప్పకుండానే పోతుంది. అందుకని ఎక్స్‌టర్నలు డిస్కు అక్కడే వదిలేసి, ప్రతి ఆదివారం కాపీ చేసే ఏర్పాటు పెట్టాను. ఎస్సెస్‌డీ వేశాం కదా, ఇక భయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంతకీ ఆ 184 కేబీ. డీడీరెస్క్యూతోనే రాని చోట్లలో ఒక గుర్తు మాట నింపి, ఆ మాట ఏ ఫైల్లో ఉందో వెతికితే తెలిసిపోతుంది. అదృష్టం బావుంటే ఏ విండోసు ఫైల్లోనో పడాలి. కొంత అలాగే పడింది. మిగతాది మాత్రం దకారం ఫైలు నడిమధ్యలో పడింది. పేజ్‌మేకరు దాన్ని తెరవనంది. నేను రెండు రోజులు దాన్ని ముక్కలు చేసి ఏరితే మొదటి పన్నెండు పేజీల మాటలు వచ్చాయి. తక్కినవి 2019 పెన్‌డ్రైవులో ఉన్నంతవరకే.

నాన్నగారు ఆ మాట విని ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఒక తెల్లకాగితం మీద రాసుకుంటున్నారు. దమ్ము, దంతె, దాలి, దాళ్వా, దుత్త...

ఆ కంప్యూటరు విండోసు 11కి పనికిరాదు. 2025 అక్టోబరు 14తో పదికి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ఆగిపోయింది కాబట్టి దానికి ఇంటర్నెట్టు పీకించేశాం. "నా మాటలకి ఇంటర్నెట్టెందుకురా" అన్నారు. ఇప్పుడు శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున, ఫోన్ చేస్తారు. కాపీ అయిందా అని నేనడుగుతాను. అయిందంటారు. ఆ తరవాత ఆయన వంతు. మొన్న అడిగారు, "దాలిలో పాలు కాగేటప్పుడు మీ నాయనమ్మ కుండ మీద బోర్లించే చిల్లుల మూతని ఏమనేదిరా, నువ్వు సెలవులకి అక్కడే ఉండేవాడివి గదా" అని. నాకు ఆ పిడకల పొగ వాసన, ఎర్రగా కట్టిన మీగడ గుర్తున్నాయి. మాట గుర్తు రాలేదు. మా మేనత్తకి ఫోన్ చేశాను, ఆవిడ ఆలోచించి చెబుతానంది.