ఓడినవారి హాస్యము

టెక్సాస్ రాష్ట్రమున, డల్లాస్ నగరమునకు ఉత్తరమున ఫ్రిస్కో అను ఊరొకటి కలదు. తెలుగు కుటుంబముల సమృద్ధి చేత అచ్చటి దుకాణములలో గోంగూరకును గుంటూరు కారమునకును ఎన్నడును కొరత రాదు. 2016వ సంవత్సరము నుండి డల్లాస్ కౌబాయ్స్ అను ఫుట్‌బాల్ జట్టువారి ప్రధాన కార్యాలయమును, అభ్యాసము చేయు మైదానమును ఆ ఊరనే వెలసియున్నవి. ఉద్యోగము కొరకు అచ్చట చేరిన మా అబ్బాయి మొదట గోంగూర చేతను, పిదప కౌబాయ్స్ చేతను వశీకృతుడయ్యెను. 2017వ సంవత్సరపు శీతకాలమున వాని యింట కొన్ని మాసములుండ వెళ్ళిన నేను, ఆదివారము వచ్చునప్పటికి వాడు నక్షత్రపు గుర్తు గల చొక్కా తొడిగికొని, ఫోను ప్రక్కన బెట్టి, ఎవరితోడను మాటాడక టెలివిజను ఎదుట ఆసీనుడగుట చూచి, ఏదో వ్రతము పట్టినాడని భావించితిని.

"వీళ్ళని అమెరికా జట్టు అంటారు నాన్నగారూ!" అనెను వాడు. 1978 నాటి ఆటలను గూర్చి తీసిన చిత్రమునకు పెట్టిన పేరది. జట్టువారు దానిని బిరుదుగా స్వీకరించి నేటివరకు విడువలేదు.

"ఆఖరిసారి ఛాంపియన్లు ఎప్పుడయ్యార్రా?"

"తొంభై ఆరు జనవరిలో."

"అంటే నువ్వు నాలుగో తరగతి."

వాడు బదులు పలుకలేదు. వంటింటి నుండి కోడలి నవ్వు మాత్రము వినవచ్చెను.

పేరులో పాదమున్నను ఈ ఆటలో పాదముతో పని స్వల్పమే గదా యను పరిహాసము ప్రతివాడును చేయును గనుక దానిని విడిచిపెట్టెదను. తెలియనివారికి ఒక్క మాట: బంతి గల జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను, సాగినచో మరి నాలుగు ప్రయత్నములు లభించును, లేనిచో బంతి ఎదుటివారి పాలగును. ఇంతే ఆట. ఈ పది గజములను ఆనాడు కొలిచిన విధానమున్నదే, దానిని చూచుటకైనను ఒకసారి అమెరికా పోవచ్చుననిపించెను. బంతి పట్టినవాని మీద గున్న యేనుగుల వంటి దేహములు పదియైనను పడును. ఆ గుట్ట క్రింద బంతి ఎచ్చట నిలిచినదో పరమేశ్వరునకు దక్క అన్యునకు తెలియదు. చారల చొక్కా తొడిగిన అధికారి యొకడు పరుగున వచ్చి, ఒక్కొక్కని లేవనెత్తి, తనకు తోచిన చోట బంతిని నిలుపును. ఇంతవరకు అంతయు ఉజ్జాయింపే. అటుపిమ్మట మైదానపు అంచు నుండి రెండు కర్రలకు తగిలించిన పది గజముల గొలుసును ఊరేగింపుగా తెచ్చి, బిగియలాగి, అంగుళములో లేశమైనను తప్పిపోకుండ కొలిచెడివారు. మా చిన్ననాట కరణముగారు కూడ పొలము గట్టు ఎచ్చటనున్నదో కంటితోనే నిశ్చయించి పిదప గొలుసు వేయించెడివారు గాని, ఆయన ముఖమున ఇంతటి గాంభీర్యము నేనెన్నడును చూడలేదు.

ఆ డిసెంబరు 17వ తేదీ రాత్రి ఓక్లండ్ నగరమున ఆట. ఇరుజట్లకును చెరి 17 అంకములు. డల్లాస్ వారి నాలుగవ ప్రయత్నము, గొలుసు వచ్చినది, బంతి ముక్కునకును కర్రకును నడుమ ఎడమున్నదో లేదో చెప్ప వలనుగాకున్నది. అప్పుడు ప్రధాన రిఫరీ జేబు నుండి చిన్న కార్డు నొకదానిని తీసి, రెండుగా మడచి, ఆ నడుమ దూర్చి, వంగి చూచెను. కోట్ల డాలర్ల వ్యాపారము, వేలాది ప్రేక్షకులు, పదుల కెమెరాలు, అన్నియు ఆ కాగితపు ముక్క కొరకు ఊపిరి బిగబట్టి నిలిచినవి. తీర్పు డల్లాస్ పక్షమున వచ్చినది. మావాడు సోఫా మీది నుండి ఎగిరి గంతువేసెను. అటుపిమ్మట మూడు అంకములు సాధించి 20-17తో గెలిచిరి. తుదిలో ఓక్లండ్ వీరుడు గీత దాటించుటకై బంతిని చేత చాచి దూకగా, అది జారి, గమ్యస్థలము మీదుగా బయటికి దొర్లిపోయెను. అట్లు పోయినచో బంతి ప్రత్యర్థులదే యను నియమమొకటి యున్నదట. ఏ స్మృతికారుడు వ్రాసెనో! రిఫరీని పిమ్మట ప్రశ్నింపగా, కంటితోనే తాను నిశ్చయించితిననియు, కార్డు కేవలము ధ్రువీకరణకే ననియు సెలవిచ్చెను. 2025వ సంవత్సరము నుండి గొలుసునకు మారుగా కెమెరాలే కొలుచుచున్నవి. బంతిని నిలుపువాడు మాత్రము ఇప్పటికిని ఆ చారల చొక్కా మనిషియే.

2010వ సంవత్సరమున వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రికవారు గడియారము పట్టి లెక్కించి, మూడు గంటల ప్రసారములో ఆట నిజముగా సాగునది సుమారు 11 నిమిషములే యని తేల్చిరి. శేషమంతయు సమాలోచనయు వ్యాపార ప్రకటనయు. 2015లో ఒక జట్టు బంతులలో గాలి తగ్గించినదను అభియోగము వచ్చినప్పుడు 243 పుటల నివేదిక వెలువడి, వివాదము న్యాయస్థానములకెక్కెను. గాలి కబుర్లకు ఇంతటి గ్రంథము మన పండితులు సైతము వ్రాయలేదు.

ఇట్టి ఆటను చూచి బయటివాడు నవ్వుట సులభము. నేనును నవ్వితిని, ఆ నవ్వు మూడు వారములలో పాతపడెను. నాకు నచ్చినది లోపలివారి నవ్వు. మన సాహిత్యమున నిందాస్తుతి యను సంప్రదాయము కలదు: కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుని, గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నరసింహుని ఎత్తిపొడిచిన తీరు మీరెరుగుదురు. గుడి ముఖము చూడనివానికి దేవునితో తగవేమి? అమెరికా వారిలో ఈ విద్య ఓడిపోవు జట్ల అభిమానులకు అబ్బినది. 1980లో న్యూ ఆర్లియన్స్ జట్టు సెయింట్స్ మొదటి 14 ఆటలును వరుసగా ఓడగా, ఆ యూరివారు కిరాణా కాగితపు సంచులను కన్నులకు రంధ్రములు చేసి తలకు తగిలించికొని ఆటకు పోయిరి. పోవుట మానలేదు, తమ ముఖములు ఇతరులకు కానరాకుండ మాత్రము జాగ్రత్తపడిరి. సెయింట్స్ అను పేరులో మొదటి అక్షరమును తొలగించి, కాదు, లేదు అను అర్థము వచ్చు 'ఎయింట్స్' అని పిలిచిరి.

క్లీవ్‌లండ్ వారు ఇంకను ఘనులు. 2017 ఆటల కాలమున వారి బ్రౌన్స్ జట్టు ఆడిన 16 ఆటలలో 16 ఓడినది. ఒక్కటియైనను గెలిచియున్నచో ఆ సంగతి నలుగురును మరచిపోయెడివారే. పూర్ణత్వము సిద్ధించినందున ఉత్సవము తప్పదని అభిమానులు నిశ్చయించిరి. 2018 జనవరి 6వ తేదీన, ఎముకలు కొరుకు చలిలో, వేలమంది స్టేడియము చుట్టును సున్న ఆకారమున ప్రదక్షిణము చేసిరి. ఉత్సవమునకు వసూలైన ధనములో మిగిలినది పేదల అన్నపు నిధికి పోయెను. మేము ఆ దృశ్యమును టెలివిజనులో చూచితిమి. మావాడు నవ్వుచు నవ్వుచు హఠాత్తుగా, "మనమే నయం నాన్నగారూ" అనెను. మనము అను ఆ మాట నా చెవిని సూటిగా తాకినది.

జిమ్ మార్షల్ కథ కూడ వాడే చెప్పెను. 1964 అక్టోబరు 25న శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ మిన్నెసోటా వీరుడు నేల జారిన బంతిని చేజిక్కించుకొని 66 గజములు అప్రతిహతముగా పరుగెత్తెను, కాని తనవారు కాపాడవలసిన గమ్యస్థలము వైపే. గట్టున నిలిచి తనవారు పెట్టిన కేకలను ప్రోత్సాహమనుకొనెను. గీత దాటి, విజయగర్వమున బంతిని బయటికి విసరి, ఎదుటి జట్టువాడు వచ్చి భుజము తట్టినప్పుడు గాని సంగతి గ్రహింపలేదు. ఎదుటివారికి రెండు అంకములు దక్కినవి. అయినను మిన్నెసోటావారే 27-22తో గెలిచిరి. వరుసగా 282 ఆటలు ఒక్కటియు తప్పక ఆడిన మహాయోధుడాతడు. లోకము మాత్రము ఆ 66 గజములనే తలచును.

అందరును నవ్వు మానునది ఒక్కచోట. పిట్స్‌బర్గ్ జట్టుతో నాలుగు మారులు ఛాంపియనైన మైక్ వెబ్‌స్టర్ మతి చెడి 50 ఏండ్ల వయసున మరణింపగా, 2002లో బెనెట్ ఒమాలు అను వైద్యుడు అతని మెదడును పరీక్షించి, ఏండ్ల తరబడి తగిలిన దెబ్బల చేత అది చెడినదని కనుగొని 2005లో వ్యాసముగా ప్రకటించెను. ఆ వ్యాసమును ఉపసంహరింపుమని ఈ ఆటలను నడుపు లీగు పక్షపు వైద్యులు కోరిరి. "చిన్నవాణ్ణి ఈ ఆటకి పంపుతావురా?" అని మనుమని గూర్చి నేనడిగితిని. టెలివిజను మీది నుండి చూపు మరల్పకయే, "వాణ్ణి టెన్నిస్‌లో వేశాం నాన్నగారూ" అనెను మావాడు.

డల్లాస్ ప్రాంతమున పిల్లల యిండ్లకు పోవు తల్లిదండ్రులకు నాదొక విన్నపము. ఆదివారము ఆట నడుచుచుండగా తొంభై ఆరు ప్రసక్తి తేకుడు. కావలసినచో కాఫీ అడుగుడు. ఈ వ్యాసము వ్రాయునాటికి కౌబాయ్స్ మరల ఛాంపియన్లను తేల్చు సూపర్ బౌల్ ఆట గడప త్రొక్కలేదు.