అదనపు గంటకు పూచీ ఎవరిది?

అండమాన్ వెళ్లొచ్చినవారిని హోప్ టౌన్ చూశారా అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) రేవుకు అవతలి ఒడ్డున, కొండ కింద ఉన్న చిన్న ఊరది. ఆ కొండను మౌంట్ హారియట్ అనేవారు, 2021 నుంచి మౌంట్ మణిపూర్ అంటున్నారు. టూర్ ప్యాకేజీల్లో ఈ ఊరు పెద్దగా కనిపించదు. కానీ విహారయాత్రకు బయల్దేరే ఎవరైనా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఇక్కడ జరిగింది.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో అండమాన్‌లోని ఖైదీల స్థావరాన్ని తనిఖీ చేయడానికి వచ్చారు. రోజంతా దీవులన్నీ తిరిగారు. కరడుగట్టిన ఖైదీలుండే వైపర్ దీవిలో, అధికార కేంద్రమైన రాస్ దీవిలో కట్టుదిట్టమైన కాపలా పెట్టారు. పని ముగిసింది, ఇంకా కాస్త వెలుతురు మిగిలింది. కొండెక్కి సూర్యాస్తమయం చూద్దామన్నారు మేయో. అది ఆ రోజు పనుల్లో లేని అదనపు గంట. హోప్ టౌన్‌లో దిగి, కొండెక్కి, సూర్యుడు మునిగేదాకా కూర్చుని, కాగడాల వెలుగులో కిందికి వచ్చారు. పడవ ఎక్కబోతుండగా జెట్టీ మీద చీకట్లోంచి దూకిన షేర్ అలీ అనే ఖైదీ ఆయన్ను కత్తితో పొడిచాడు. భార్య ఓడలో ఎదురుచూస్తుండగా మేయో ప్రాణాలు పోయాయి. షేర్ అలీని ఆ మార్చి 11న వైపర్ దీవిలో ఉరి తీశారు.

కాపలా లేక జరిగిన హత్య కాదిది. ఆనాడు దేశంలో మేయోకు ఉన్నంత రక్షణ మరే ప్రయాణికుడికీ ఉండి ఉండదు. హోప్ టౌన్‌లో ఉన్నది సత్ప్రవర్తన పేరు తెచ్చుకున్న ఖైదీలు కాబట్టి అక్కడ భయం లేదనుకున్నారు. షేర్ అలీ కూడా అలాంటి మంచి పేరున్నవాడే, క్షురకుడిగా పనిచేసేవాడు. ప్రమాదం ఉందనుకున్న చోట కాపలా పెట్టారు, ప్రమాదం మాత్రం లేదనుకున్న చోట కాచుకుంది.

సెలవుల్లో జరిగే ప్రమాదాలను గమనిస్తే ఈ లెక్క ఇప్పటికీ మారలేదనిపిస్తుంది. విమానం ఎక్కేటప్పుడు గుండె దడదడలాడుతుంది. దిగాక అరగంట పడవ ప్రయాణానికి మాత్రం ఎవరూ రెండోసారి ఆలోచించరు. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే సముద్రతీరం హోప్ టౌన్ పైనున్న ఆ కొండ మీంచి కనిపించే నార్త్ బే దృశ్యమే. 2014 జనవరి 26న రాస్ దీవి నుంచి నార్త్ బే వైపు వెళ్తున్న ఆక్వా మెరైన్ పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తమిళనాడు నుంచి సెలవులకు వచ్చినవారు. ఆ పడవలో అనుమతించిన సంఖ్యకు మించి మనుషుల్ని ఎక్కించారు.

తెలుగువారికి ఇలాంటి దుఃఖం కొత్త కాదు. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో విహారానికి వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో ఫోటోలు దిగుతుండగా ఎగువ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ రోజు 24 మంది విద్యార్థులు చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడటానికి బయల్దేరిన లాంచీ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. బతికి బయటపడ్డవారిలో చాలామంది ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉన్నవారే. మునిగిన లాంచీని ఒడ్డుకు లాగేసరికి అక్టోబర్ 22 వచ్చింది.

కచ్చులూరులో ఇంకో సంగతి కూడా బయటపడింది. లాంచీలో ఎందరున్నారన్నది కొన్ని రోజుల దాకా తేలలేదు. కొందరి మృతదేహాలు దొరకనే లేదు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీలో నికోబార్ దీవుల్లో వేలమంది గల్లంతైనప్పుడూ ఇదే సమస్య. చట్టం ప్రకారం కనిపించని మనిషిని మరణించినట్టు భావించాలంటే ఏడేళ్లు ఆగాలి. పెద్ద విపత్తుల్లో ప్రభుత్వాలు ప్రత్యేక ఏర్పాటుతో ముందే ధ్రువపత్రాలిస్తాయి. అప్పుడైనా ఆ మనిషి ఆ పడవ ఎక్కాడని రుజువు కావాలి. పడవ ఎక్కేముందు పేరు, వయసు, ఫోన్ నంబర్ రాయమంటే విసుక్కునే పర్యాటకుడికి ఆ కాగితం ఎవరి కోసమో తెలియదు. అది ఇంటి దగ్గర ఎదురుచూసేవారి కోసం.

బీమా సంగతికొస్తే మనవాళ్ల తీరు విచిత్రంగా ఉంటుంది. వర్జ్యం, రాహుకాలం చూసుకుంటారు, పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరతారు. ప్రయాణ బీమా మాట ఎత్తితే మాత్రం ‘శుభమా అని వెళ్తుంటే ఆ మాటలెందుకు’ అంటారు. శకునాలు చూసేంత శ్రద్ధ పాలసీ షరతులు చదవడంలో పెడితే ఎన్నో ఇళ్లకు మేలు జరుగుతుంది.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. ఇంటర్నెట్‌లో రైలు టికెట్ కొనేటప్పుడు అర్ధరూపాయి కూడా కాని ప్రీమియంతో 10 లక్షల రూపాయల దాకా ప్రమాద బీమా వస్తుంది. టికెట్ కొనేటప్పుడే ఆ గడిలో టిక్కు పెట్టాలి, తర్వాత నామినీ పేరు నింపాలి. చాలామంది టిక్కు దగ్గరే ఆగిపోతారు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు తీసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది. తన ఖాతా నుంచి ఆ 20 రూపాయలు ఏటా పోతున్నాయని భర్తకు తెలుస్తుంది, భార్యకు తెలియకపోవచ్చు.

ఆరోగ్య బీమా ఉంది కదా అని ధీమాగా వెళ్లేవారు మరికొందరు. అది ఆస్పత్రి ఖర్చు ఇస్తుంది. కానీ కార్డు చూపించగానే నగదు లేకుండా వైద్యం చేసే ఆస్పత్రులు హైదరాబాద్‌లో ఉన్నట్టు దీవుల్లో అడుగడుగునా ఉండవు. అండమాన్‌లో పెద్ద దిక్కు శ్రీ విజయపురంలోని జీబీ పంత్ ప్రభుత్వాస్పత్రి. అంతకు మించిన వైద్యం కావాలంటే సముద్రం దాటి చెన్నైకో, మరో నగరానికో వెళ్లాలి. విశాఖ నుంచి, చెన్నై నుంచి ఈ దీవులు దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. రోగిని తరలించే ఖర్చు పాలసీలో ఉందా, ఉంటే ఎంతవరకు అన్నది బయల్దేరకముందే చూసుకోవాల్సిన ప్రశ్న.

స్కూబా డైవింగ్ సరదా ఉన్నవారు ఇంకాస్త జాగ్రత్తపడాలి. సాహస క్రీడల్ని మినహాయించే పాలసీలుంటాయి, అదనపు ప్రీమియంతో చేర్చుకునేవీ ఉంటాయి. మద్యం తాగి నీళ్లలో దిగితే పరిహారం ఇవ్వబోమనే షరతు ప్రయాణ బీమాల్లో మామూలే. ముందు నుంచీ ఉన్న జబ్బును దాచిపెట్టి పాలసీ కొంటే, ఆ అబద్ధం బయటపడేది ఆస్పత్రి మంచం మీదే. తుపాను హెచ్చరిక వచ్చాక కొన్న పాలసీ ఆ తుపాను వల్ల కలిగిన నష్టానికి సాధారణంగా పనికిరాదు. 2016 డిసెంబర్‌లో వాతావరణం విషమించి హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవిలో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. ప్రాణాలు దక్కాయి. తప్పిపోయిన విమానాలు, అదనపు రోజుల హోటల్ బిల్లులు ఎవరివి వారే భరించాలి, బీమా ఉంటే తప్ప.

పెద్ద ప్రమాదం జరిగితే ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. ఎక్స్‌గ్రేషియా దయ, బీమా హక్కు. యాభైమంది మునిగితే మంత్రులు వస్తారు, చెక్కులిస్తారు. అదే సముద్రంలో ఒక్కడే మునిగితే పత్రికలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఆ కుటుంబానికి పాలసీ తప్ప ఇంకో అండ ఉండదు.

బీమా ప్రాణం కాపాడదు. మునిగే పడవలో పాలసీ తేలదు, లైఫ్ జాకెట్ తేలుతుంది. కాబట్టి ముందు చేయాల్సింది జాకెట్ కట్టుకోవడం, నిండిపోయిన పడవను వదిలేయడం, మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలో దిగకపోవడం, చీకటి పడకముందే వెనక్కి రావడం. ‘ఇంత దూరం వచ్చాం, అదొక్కటీ చూసేద్దాం’ అనిపించిన క్షణంలో మరీ జాగ్రత్త. అన్ని ఏర్పాట్లూ చేసిపెట్టిన యాత్రలో ఏర్పాటు లేనిది ఆ ఒక్క గంటకే.

ఇక బయల్దేరే రోజు చేయాల్సిన పని ఒకటే. పాలసీ నంబరు, బీమా కంపెనీ ఫోను, నామినీ పేరు, వెళ్లే ఊళ్లు, ఎక్కే పడవలు ఒక తెల్లకాగితం మీద రాసి ఇంట్లో ఉండేవారి చేతికివ్వాలి. పరిహారం కోసం దరఖాస్తు పెట్టాల్సింది ప్రయాణం చేసినవారు కాకపోవచ్చు. ఇచ్చేటప్పుడు తల్లి కోప్పడుతుంది, భార్య మాట మారుస్తుంది. అయినా ఇవ్వాలి. క్షేమంగా తిరిగొచ్చాక చింపేస్తే సరిపోతుంది.